కోడి చల్లగా ఉందని తిరిగి పంపకండి

పోయిన నెల సింగపూర్ హాకర్ సెంటర్ల (చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండేవి) గురించి రాస్తూ హైననీస్ చికెన్ రైస్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గొడవే. అక్కడికి వెళ్ళి తింటే బాగుంటోంది, అదే ఇంటికి తెప్పించుకుంటే ఎక్కడో తేడా కొడుతోంది అని. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఎప్పుడూ తినని మన ఊరి పాఠకుల కోసం ఒక్క మాట: మసాలా ఏమీ లేకుండా కోడిని నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళతో, ఆ కోడి కొవ్వుతోనే అన్నం వండుతారు. పక్కన ఎర్ర మిరపకాయల చట్నీ, అల్లం ముద్ద, నల్లటి సోయా సాస్, కీరా ముక్కలు, చిన్న గిన్నెడు సూపు. అంతే వంటకం. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: అక్కా, మేము పుంగ్గోల్‌లో దిగి మూడు నెలలైంది. వచ్చే శనివారం మా ఆయన ఆఫీసువాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. మాతో కలిపి పెద్దవాళ్ళు ఎనిమిది మంది, పిల్లలు ఇద్దరు. బిర్యానీ చేస్తానంటే వద్దు, చికెన్ రైస్ తెప్పిద్దాం అంటున్నారు. యాప్ తెరిస్తే హోల్, హాఫ్, అప్పర్ క్వార్టర్, లోయర్ క్వార్టర్ అని ఏవేవో ఉన్నాయి. ఎంత తెప్పించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, పుంగ్గోల్)

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, బిర్యానీ తప్పింది కదా, సంతోషించు. లోయర్ క్వార్టర్ అంటే కాలు, తొడ ఉండే భాగం. అప్పర్ క్వార్టర్ అంటే రొమ్ము, రెక్క. దారిలో అరగంట డబ్బాలో కూర్చున్నా తొడ మాంసం మెత్తగానే ఉంటుంది, రొమ్ము ముక్క మాత్రం పీచుపీచుగా అయిపోతుంది. నలుగురికి తెప్పిస్తుంటే క్వార్టర్లు చూసి ఎంచుకోవచ్చు గానీ పదిమందికి ఆ లెక్కలు వద్దు. ఒక హోల్ స్టీమ్డ్ చికెన్, దానికి తోడు ఒక హాఫ్ రోస్ట్ చికెన్ చెప్పు. స్టీమ్డ్ అని పేరే గానీ నీళ్ళలో ఉడికించిన తెల్ల కోడి అది. రోస్ట్ అంటే చర్మం ఎర్రగా వేగినది, పిల్లలు దాన్నే లాక్కుంటారు. మీవాళ్ళు కోడి దగ్గర మొహమాటపడని రకమైతే రెండు హోల్ చికెన్లు చెప్పినా మిగలవు. ఎముకతో వద్దనుకుంటే డీబోన్డ్ అని కొన్ని షాపుల్లో ఉంటుంది, కాస్త ఎక్కువ తీసుకుంటారు. పిల్లలున్న ఇంటికి అది సుఖం.

అన్నం దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. తలకొక ప్యాకెట్ చొప్పున పది, పైన ఇంకో మూడు. హోల్ చికెన్ చెప్పినంత మాత్రాన అన్నం దాంతోపాటే వస్తుందని అనుకోవద్దు, చాలా షాపుల్లో అన్నం వేరే చెప్పాలి. నేను వచ్చిన మొదటి ఏడాది ఫోటోలో పళ్ళెం నిండుగా కనిపించిందని ఆరుగురికి ఒక హాఫ్ చికెన్ చెప్పాను, అన్నం సంగతే గుర్తులేదు. డబ్బా తెరిస్తే కీరా ముక్కల మీద పల్చగా పరిచిన కోడి, ఒక చిన్న సాస్ డబ్బా, అంతే. చుట్టాలు సోఫాలో కూర్చుని ఉండగా నేను వంటింట్లో కుక్కర్ పెట్టి, ఎనిమిది గుడ్లు ఆమ్లెట్ వేసి పరువు దక్కించుకున్నాను. ఇప్పటికీ మా తోడికోడలు ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి, అన్నీ ఒకే షాపు నుంచి తెప్పించు. కోడి ఒకచోట, కూరలు ఒకచోట అంటే రెండు డెలివరీ చార్జీలు, రెండు వేర్వేరు టైములు. పన్నెండున్నరకి భోజనమైతే యాప్‌లో ముందే టైమ్ పెట్టుకునే వీలుంటుంది, పన్నెండుంబావుకి పెట్టు. శనివారం, అందులోనూ వాన పడిందంటే ఇక్కడ రైడర్ దొరకడమే గగనం. చిరునామాలో బ్లాక్ నంబరు, యూనిట్ నంబరుతో పాటు ఏ లిఫ్ట్ లాబీయో కూడా రాయి. హెచ్‌డీబీ, అంటే ఇక్కడి ప్రభుత్వ అపార్ట్‌మెంట్ల, బ్లాకుల్లో రెండు లాబీలు ఉంటే ఆ పిల్లవాడు తప్పుడు వైపు ఎక్కి దిగేసరికి అన్నం ఆవిరికి మెత్తబడిపోతుంది.

ప్రశ్న: అక్కా, నిన్న రాత్రి చికెన్ రైస్ ఆర్డర్ పెట్టాను. అన్నం వేడిగానే వచ్చింది, కోడి మాత్రం చల్లగా ఉంది. యాప్‌లో కంప్లయింట్ పెడితే రీఫండ్ ఇవ్వలేదు. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టాను, రబ్బరు ముక్కలా తయారైంది. డబ్బు దండగ. (ఒక పాఠకుడు, క్లెమెంటీ)

జవాబు: తమ్ముడూ, రీఫండ్ ఇవ్వకపోవడం వాళ్ళ తప్పు కాదు, ఆ కోడి అలాగే ఉండాలి. ఎందుకో చెప్తాను. కోడిని తెర్లే నీళ్ళలో కుతకుతలాడించరు. నీళ్ళు మరిగాక మంట బాగా తగ్గించి, లేదా పూర్తిగా ఆపేసి, ఆ వేడిలోనే మూతపెట్టి నానబెడతారు. ఉడకగానే తీసి ఐసు నీళ్ళలో ముంచుతారు. దాంతో ఉడకడం అక్కడికక్కడే ఆగిపోతుంది, మాంసంలో రసం మాంసంలోనే ఉండిపోతుంది, చర్మం బిగుసుకుని దాని కింద పల్చటి జెల్లీ పొర కడుతుంది. మంచి షాపుని ఆ పొర చూసే గుర్తుపట్టేస్తారు ఇక్కడివాళ్ళు. ముక్కలు కొట్టేటప్పటికి కోడి చల్లారిపోయి ఉంటుంది, దాన్ని వేడివేడి అన్నంతో తినాలి. పెరుగన్నంలో పెరుగు వేడిగా లేదని ఎవరన్నా కోప్పడతారా? ఇదీ అంతే.

మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు ముందు కరిగిపోయేది ఆ జెల్లీయే. తర్వాత మాంసంలో నీరంతా డబ్బా అడుగుకి దిగుతుంది, నీకు మిగిలింది పీచు. చల్లటి కోడి నోటికి ఎక్కదు అనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి, రోస్ట్ చికెన్ చెప్పుకో, దాన్ని వేడి చేసినా అంత నష్టం లేదు. రెండోది, సూపుని గిన్నెలో పోసి పొంగు వచ్చేదాకా కాచి, స్టవ్ ఆపేసి, ముక్కల్ని అందులో అర నిమిషం ముంచి తీసెయ్. అయితే ఒకటి, ముక్క మీద కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉండి, ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు జిల్లుమంటుంటే అది పొద్దుటిదో, నిన్నటిదో అయ్యుంటుంది. అప్పుడు ఫోటో తీసి కంప్లయింట్ పెట్టు, న్యాయం నీ వైపు ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారు భీమవరం నుంచి వచ్చారండీ. చికెన్ రైస్ తెప్పిస్తే తొడ ముక్క విరిచి చూసి, ఎముక దగ్గర నెత్తురు ఉంది, పచ్చి కోడి పెడతావా నాకు అని పళ్ళెం పక్కన పెట్టేశారు. మొత్తం పారేశాం. నిజంగా పచ్చిదేనా? (ఒక పాఠకురాలు, జురాంగ్ ఈస్ట్)

జవాబు: మీ అత్తగారి తప్పేమీ లేదు. కోడి కూర అంటే ఎముక నుంచి మాంసం విడిపోయేదాకా ఉడికించే ఇంట్లో పెరిగిన మనిషి, ఎముక దగ్గర ఎరుపు చూస్తే ఇంకేమంటుంది. కానీ ఎరుపు కనిపించినంత మాత్రాన పచ్చిది అని చెప్పలేం. ఈ కోళ్ళు లేత వయసువి, ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, లోపలి మూలుగ రంగు వేడికి బయటికి దిగి పక్క మాంసానికి అంటుకుంటుంది. మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఆ రంగు ఉన్నా ఉడికినట్టే.

ఇంట్లో థర్మామీటర్ లేకపోతే మాంసాన్ని చూడండి. ఎముక ఎలా ఉన్నా, దాని చుట్టూ మాంసం తెల్లగా, విరిస్తే పొరలుగా విడిపోతుంటే భయం లేదు. మాంసమే గాజులా మెరుస్తూ, వేలితో నొక్కితే జారిపోతుంటే అది పచ్చిదే, తినొద్దు, షాపుకి చెప్పండి. పెద్దవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి అయితే ఈ పరీక్షలన్నీ ఎందుకు, రోస్ట్ తెప్పించండి. మీ అత్తగారికి కూడా వచ్చేసారి అదే పెట్టి చూడండి. సైన్సు చెప్పి ఒప్పించే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, అనుభవం మీద చెప్తున్నాను.

ప్రశ్న: మా ఇంటికి వచ్చేవాళ్ళలో ఒకాయన ముస్లిం, ఇద్దరు శాకాహారులు. మేము పంది మాంసం తినం. శాకాహారులకి చికెన్ రైస్‌లో కోడి తీసేసి అన్నం, కూరలు పెట్టొచ్చా? పక్కకి ఏమేం చెప్పాలి? (ఒక పాఠకురాలు, సెంగ్‌కాంగ్)

జవాబు: కోడి తీసేస్తే మిగిలేదంతా కోడే అమ్మా! అన్నం కోడి కొవ్వులో వెల్లుల్లి, అల్లం వేయించి, కోడి నీళ్ళు పోసి వండుతారు. సూపు సరేసరి. చివరికి ఆ ఎర్ర చట్నీలో కూడా మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, కలమాన్సి అనే చిన్న నిమ్మకాయల రసంతో పాటు రెండు గరిటెల కోడి నీళ్ళు పోస్తారు. కాబట్టి శాకాహారులకి ఈ షాపు నుంచి ఏమీ వద్దు. చైనీస్ వెజిటేరియన్ షాపుల్లో సోయాతో చేసిన ‘కోడి’ పెట్టి శాకాహార చికెన్ రైస్ అమ్ముతారు, వాళ్ళిద్దరికీ అది వేరే తెప్పించండి, లేకపోతే హాయిగా ఇంట్లో పప్పు, నిమ్మకాయ పులిహోర చేసెయ్యండి. ఒకే షాపు నుంచి తెప్పించమని పైన చెప్పాను కదా, ఈ ఒక్క చోట ఆ మాట పక్కన పెట్టండి.

ఇక ముస్లిం స్నేహితుడి విషయం. యాప్‌లో ‘నో పోర్క్, నో లార్డ్’ అని కనిపిస్తుంది చాలాచోట్ల. అంటే పంది మాంసం, పంది కొవ్వు వాడం అని మాత్రమే, అది హలాల్ అని కాదు. మీవరకు సరిపోతుంది గానీ ఆయనకి సరిపోదు. ఇక్కడి ఇస్లామిక్ మత మండలి, ముయిస్ అంటారు, వాళ్ళ సర్టిఫికెట్ ఉన్న షాపు చూసి చెప్పండి. హలాల్ చికెన్ రైస్ షాపులకి సింగపూర్‌లో కొదవలేదు, మలయ్ భాషలో నాసి ఆయమ్ అని వెతికినా దొరుకుతాయి. అప్పుడు శాకాహారులకి తప్ప అందరికీ అక్కడి నుంచే తెప్పించొచ్చు, ఎవరిది ఏ ప్యాకెట్టో అని చీటీలు అంటించే బాధ ఉండదు.

మామూలు చికెన్ రైస్ షాపులో పక్కన చార్ సియూ, రోస్ట్ పోర్క్ కూడా వేలాడుతూ ఉంటాయి. అవి రెండూ పంది మాంసమే, కోడి కొట్టే కత్తి, మొద్దు తరచూ ఒకటే. పట్టింపు ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుని చెప్పుకోవాలి.

పక్క వంటకాల్లో నా ఓటు మొలకలకి. పెసర మొలకల్ని మరిగే నీళ్ళలో అలా ముంచి తీసి, సోయా, నువ్వుల నూనె చల్లి, పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. కరకరలాడుతూ కోడి మెత్తదనానికి సరిజోడు. అయితే డబ్బాలో ఎక్కువసేపు ఉంటే నీరు వదిలేస్తాయి, రాగానే ముందు ఆ మూత తీయండి. కైలాన్ అనే ముదురాకుపచ్చ ఆకుకూర కాడలతో సహా వేయించి ఆయిస్టర్ సాస్ పోసి ఇస్తారు, ఆకుకూరే కదా అని శాకాహారులకి వడ్డించకండి, ఆ సాస్ ఆలిచిప్పల సారంతో చేసేది. హాట్‌ప్లేట్ టోఫు చూడ్డానికి ఊరిస్తుంది గానీ దానిలో చాలాసార్లు పంది ఖీమా ఉంటుంది, పైగా దాని అందమంతా సుయ్యిమనే ఇనప పెనం మీద ఉంది, ప్లాస్టిక్ డబ్బాలో ఇంటికొచ్చాక ఏముంటుంది, నేనైతే చెప్పను. అచార్ అని తియ్యగా పుల్లగా ఉండే కూరగాయల పచ్చడి ఉంటుంది, ఊరగాయ అనుకుని ఆశపడొద్దు కానీ బాగుంటుంది. వేరుశెనగ పొడి వేస్తారు, పడనివాళ్ళు చూసుకోండి. కొన్ని షాపుల్లో కార్జం, కందనకాయ విడిగా అమ్ముతారు. మావారికి అవి ఉంటే చాలు, చికెన్ ఎవరు తిన్నా పట్టించుకోరు.

ప్రశ్న: హాకర్ సెంటర్‌లో ఉన్న ధర ఒకటి, అదే షాపుది యాప్‌లో ఇంకొకటి. పైన ఇంకేవో చార్జీలు. ఇది మోసం కాదా? (ఒక పాఠకుడు, తంపినిస్)

జవాబు: మోసం కాదు గానీ చేతి చమురు మాత్రం వదులుతుంది. హాకర్ సెంటర్‌లో ఒక ప్లేటు 4 నుంచి 6 డాలర్లలో వచ్చేస్తుంది. ఆ షాపు యాప్‌కి కమీషన్ కట్టాలి కాబట్టి యాప్‌లో రేటు పెంచి పెడుతుంది. దాని మీద డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, తక్కువకి కొంటే స్మాల్ ఆర్డర్ ఫీజు. ఒక్క ప్లేటు తెప్పించుకుంటే ప్లేటు ఖరీదంత చార్జీలే పడతాయి ఒక్కోసారి. పదిమందికి చెప్పినప్పుడు ఆ భారం తెలియదు. ఒకరిద్దరికైతే కిందికి దిగి తెచ్చుకోండి. ఇక్కడ పార్సిల్‌ని ‘దాబావ్’ అంటారు, కౌంటర్ దగ్గర ఆ ఒక్క మాట చెబితే చాలు. కొత్తలో ఎవరో ‘దా బావా’ అని పిలుస్తున్నట్టే వినిపించి వెనక్కి తిరిగి చూసేదాన్ని.

బయల్దేరే ముందు ఆ రోజు షాపు తెరిచి ఉందో లేదో చూసుకోండి. వారానికి ఒకరోజు మూసేస్తారు చాలామంది. పేరున్న షాపుల్లో మధ్యాహ్నం దాటితే కోళ్ళు అయిపోతాయి. చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో అసలు ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: అమ్మాయీ, మా అబ్బాయి దగ్గర సింగపూర్‌లో రెండు నెలలు ఉండి వచ్చాను. ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కోడికి జనం క్యూలో నిలబడటం చూసి ఆశ్చర్యపోయాను. అందులో ఏముందని? పేరు హైనాన్ అంటారు, చైనాలో కూడా ఇలాగే తింటారా? (ఒక పెద్దాయన, విజయవాడ)

జవాబు: బాబాయ్ గారూ, మీరు కోడి కోసం తిన్నారు, అక్కడే వచ్చింది చిక్కు. క్యూలో ఉన్నవాళ్ళు సగం మంది అన్నం కోసం నిలబడతారు. మన దగ్గర గోంగూర మటన్ తిన్నాక అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని తింటే ఉంటుందే, ఆ రుచి ముద్ద ముద్దలోనూ ఉండాలని వండిన అన్నం అది. బియ్యాన్ని కోడి కొవ్వులో గింజ గింజకీ నూనె పట్టేలా వేయించి, మొగలి జాతికే చెందిన పాండన్ ఆకు ముడివేసి అందులో పడేసి, కోడి నీళ్ళతో వండుతారు. పొడిపొడిగా ఉండాలి, మెరవాలి, చేతికి జిడ్డు మాత్రం అంటకూడదు. ఈసారి వెళ్ళినప్పుడు ముందు ఉత్త అన్నం ఒక ముద్ద తినండి, తర్వాత అన్నం మీద కొంచెం నల్ల సోయా వెయ్యండి. అది లేత బెల్లం పాకంలా చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఆ పైన ఎర్ర చట్నీ. కోడి నంజుకోవడానికే.

హైనాన్ అనేది చైనాకి దక్షిణాన ఉన్న దీవి. అక్కడ వెన్‌చాంగ్ అనే ఊరి కోడి పేరుమోసినది, దాన్ని ఇలాగే ఉడికించి కొవ్వు పట్టించిన అన్నంతో తింటారు. కానీ ఈ ఎర్ర చట్నీ, నల్ల సోయా, పాండన్ వాసనలతో ప్రపంచమంతా తిరిగే వంటకం మాత్రం ఇక్కడ సింగపూర్, మలేషియాల్లో తయారైందే. చైనాలోని ఫుజియాన్ నుంచి హొక్కియన్లు, గ్వాంగ్‌డాంగ్ నుంచి టియోచ్యూలు, కాంటనీస్‌వాళ్ళు ముందే వచ్చి వ్యాపారాలన్నీ పట్టేశాక హైనాన్‌వాళ్ళు ఆలస్యంగా దిగారు. వాళ్ళకి మిగిలింది వంట పని. ఇంగ్లీషు దొరల ఇళ్ళలో, ఓడల్లో వంటవాళ్ళుగా చేరి, తర్వాత కాఫీ దుకాణాలు, తిండి దుకాణాలు పెట్టుకున్నారు. మిడిల్ రోడ్, పర్విస్ స్ట్రీట్ చుట్టుపక్కల వాళ్ళ పేట. మిడిల్ రోడ్‌లో మో లీ ట్వీ అనే ఆయన పెట్టిన స్వీ కీ అనే దుకాణం చికెన్ రైస్‌ని ఊరందరి నోటా పలికించింది, 1997లో మూసేశారు. ఇప్పటికీ ముసలివాళ్ళు ఏ షాపులో తిన్నా స్వీ కీ ముందు ఇదెంత అంటారు, మీరు బెజవాడలో పాత హోటళ్ళ గురించి అన్నట్టే.

అది జనానికి ఎంత ముఖ్యమో 2022లో కళ్ళారా చూశాను. ఆ జూన్ 1 నుంచి మలేషియా కోళ్ళ ఎగుమతి ఆపేసింది. అప్పటికి సింగపూర్ తినే కోడిలో ఇంచుమించు మూడో వంతు అక్కడి నుంచే వచ్చేది, బతికున్న కోళ్ళుగా వచ్చి ఇక్కడ కోసేవాళ్ళు. ముందు రోజు మా ఇంటి కింద షాపులో క్యూ రోడ్డుదాకా వచ్చింది. ఫ్రోజెన్ కోడితో వండితే ఆ చర్మం, ఆ జెల్లీ రావని కొన్ని షాపులు స్టీమ్డ్ చికెన్ అమ్మడమే మానేశాయి కొన్నాళ్ళు. చప్పటి కోడి కోసం ఇంత గొడవా అని మీకు మళ్ళీ అనిపించొచ్చు బాబాయ్ గారూ, నాకూ మొదటి ఏడాది అలాగే అనిపించేది.

ప్రశ్న: మిగిలిన చికెన్ రైస్ మర్నాడు తినొచ్చా? మొన్న అన్నం రాయిలా గట్టిపడిపోయింది. (ఒక పాఠకురాలు, బెడోక్)

జవాబు: తినొచ్చు, రాత్రంతా టేబుల్ మీద వదిలెయ్యకపోతే. ఈ ఊరి ఉక్కలో వండిన అన్నం, కోడి రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. తిన్న వెంటనే అన్నం ఒక డబ్బాలో, కోడి ఒక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసెయ్యండి. కీరా ముక్కలు తీసెయ్యండి, కోడి కింద నీరు ఊరడానికి సగం కారణం అవే. మర్నాడు అన్నం మీద రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూతపెట్టి పొగలు వచ్చేదాకా వేడి చేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. చల్లబడ్డాక అన్నంలో పిండిపదార్థం బిగుసుకోవడం వల్ల గట్టిపడింది, పాడై కాదు. కోడిని మాత్రం అలాగే తినాలని పట్టుబట్టకుండా ఎముకలు తీసి, సన్నగా చీల్చి, ఉల్లికాడలు, పచ్చిమిర్చి వేసి ఆ అన్నంతో కలిపి వేయించెయ్యండి. ఎముకలు పారెయ్యకండి, ఒక అల్లం ముక్క వేసి కుక్కర్‌లో పెడితే సాయంత్రానికి చారు.

ఎర్ర చట్నీ చిన్న డబ్బాలు మూడు నాలుగు ఎలాగూ మిగులుతాయి, వాటినీ ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. మా ఇంట్లో మర్నాడు పొద్దున పెసరట్టులోకి అదే.